రూపమిచ్చిన ఉక్కులో దాగిన నష్టం – విద్యుత్ నిరోధ పరీక్ష

ఉక్కు రేకును ప్రెస్సులో అచ్చుకు నొక్కి కారు చట్రపు భాగాలు తయారు చేస్తారు. భాగం పైకి నున్నగానే ఉంటుంది. లోపల మాత్రం కంటికి ఆనని సూక్ష్మ రంధ్రాలు పుట్టి ఉండవచ్చు. మాంగనీస్ సల్ఫైడ్ వంటి మలిన కణాల చుట్టూ ఇవి ఏర్పడతాయి. కార్లలో విరివిగా వాడే డ్యూయల్ ఫేజ్ రకం ఉక్కులోనైతే మెత్తని ఫెర్రైట్‌కూ గట్టి మార్టెన్‌సైట్‌కూ నడుమ కూడా పుడతాయి. లోహం సాగేకొద్దీ పెరిగి, ఒకదానితో ఒకటి కలిసి పగులుగా మారుతాయి. పగులు రాకముందే ఆగిపోయినా, అటువంటి భాగం ఏళ్ల తరబడి అదురు తిన్నప్పుడు ముందుగా విరిగే ప్రమాదం ఉంది. కనుక కోసి చూడకుండానే లోపలి సంగతి తెలుసుకొనే ఉపాయం కావాలి.

అటువంటి ఉపాయాలలో విద్యుత్ నిరోధ కొలత ఒకటి. రంధ్రం గుండా కరెంటు పారదు. చుట్టూ తిరిగి పోవలసిందే. అందువలన నిరోధం పెరుగుతుంది. మాక్స్‌వెల్ 1873లో ప్రకటించిన గ్రంథంలోని సూత్రం ప్రకారం, గుండ్రని రంధ్రాలు ఘనపరిమాణంలో 1 శాతం ఉంటే నిరోధం సుమారు 1.5 శాతం హెచ్చుతుంది.

చూడడానికి ఇది సులభమే. కొలవబోతే తెలుస్తుంది కష్టం. 10 సెంటీమీటర్ల పొడవు, 1 సెంటీమీటరు వెడల్పు, 1 మిల్లీమీటరు మందం గల ఉక్కు పట్టీ నిరోధం సుమారు 2 మిల్లీ ఓమ్‌లు. అందులో 1.5 శాతం అంటే 30 మైక్రో ఓమ్‌లు మాత్రమే. మామూలు మల్టీమీటరు తీగల నిరోధమే ఇంతకు వేల రెట్లు! అందుచేత నాలుగు మొనల పద్ధతి వాడతారు. బయటి రెండు మొనల ద్వారా కరెంటు పంపి, లోపలి రెంటి మధ్య వోల్టేజీని కొలుస్తారు. వోల్టుమీటరు దాదాపు కరెంటు తీసుకోదు గనుక తీగల నిరోధం లెక్కలోకి రాదు. కరెంటు దిశ మార్చి మళ్లీ కొలిచి సరాసరి తీస్తే, అతుకుల వద్ద ఉష్ణోగ్రతా భేదం వలన పుట్టే చిన్న వోల్టేజీ కూడా తొలగిపోతుంది.

అసలు చిక్కు ఇంకొకటి. నిరోధాన్ని పెంచేది రంధ్రాలు మాత్రమే కాదు. పట్టీ 10 శాతం సాగితే, పొడవు పెరిగి మందం తగ్గినందువల్లనే నిరోధం 21 శాతం పెరుగుతుంది. గది 5 డిగ్రీలు వేడెక్కినా ఇటువంటి ఉక్కులో సుమారు 1.5 శాతం పెరుగుతుంది. అంటే 1 శాతం రంధ్రాలంత! నిజానికి రంధ్రాలు సాధారణంగా 1 శాతం కంటే చాలా తక్కువ. వీటికి తోడు, వంగిన లోహంలో పరమాణు వరుసలు చెదిరి ఏర్పడే లోపాలు కూడా నిరోధాన్ని కొంత పెంచుతాయి. మెత్తని ఉక్కునైతే కాల్చి మెల్లగా చల్లార్చి ఈ లోపాలను పోగొట్టవచ్చు; రంధ్రాలు మిగులుతాయి. డ్యూయల్ ఫేజ్ ఉక్కుకు ఈ చిట్కా చెల్లదు, వేడికి మార్టెన్‌సైటే మారిపోతుంది.

కాబట్టి మీటరు చూపిన అంకెను నేరుగా నష్టంగా చెప్పడం తొందరపాటే. ఉష్ణోగ్రతను స్థిరపరచి, మందాన్ని ప్రతిచోటా కొలిచి, ఆ వాటాను తీసివేయాలి. మిగిలినదాన్ని కొన్ని నమూనాల సాంద్రతతోను, ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినిలో కనబడే రంధ్రాలతోను సరిపోల్చాలి. జర్మనీలోని డోర్ట్‌మండ్, ఆఖెన్ విశ్వవిద్యాలయాలు ఇటువంటి నష్టాన్ని అదుపులో ఉంచే రూపకల్పన పద్ధతులపై 2017లో ఉమ్మడి పరిశోధన ఆరంభించాయి. రేకును వంచేటప్పుడు అదనంగా ఒత్తిడి కలిపితే రంధ్రాలు తక్కువగా పెరుగుతాయని అక్కడ గమనించారు.