రికార్డయింది సరే, దాచుకున్నామా?

వీసీఆర్ పాడైతే టేపులు పోవు. డీవీఆర్ పాడైతే అందులో ఉన్నవన్నీ పోతాయి. "హార్డ్‌డిస్క్ అన్నాక ఎప్పుడో ఒకప్పుడు పోతుంది, ఏం చేస్తాం" అని మనలాంటి వాళ్ళం తేలిగ్గా సరిపెట్టుకుంటాం. డిస్కులు చావడం ఆఫీసులో చూస్తూనే ఉంటాం కదా! కానీ ఇందులో తప్పంతా డిస్కుది కాదని నా అభిప్రాయం. డిస్కు నిక్షేపంగా ఉండి కూడా షోలు పోయే సందర్భాలున్నాయి. అలా ఎందుకయిందో తెలియాలంటే కొంచెం వెనక్కి, టేపుల కాలం దాకా వెళ్ళాలి.

టీవీ కార్యక్రమాన్ని టేపు మీద రికార్డు చేసే యంత్రాన్ని ఆంపెక్స్ కంపెనీ 1956లో చికాగోలో చూపించింది. రెండంగుళాల వెడల్పు టేపు. ఒక్కో రీలు సుమారు 300 డాలర్లు, అదీ ఆ రోజుల్లో! అంత ఖరీదైనదాన్ని ఎవరు మాత్రం అలమరలో పెట్టుకుంటారు? చెరిపేసి మళ్ళీ వాడుకునేవాళ్ళు. అలా టీవీ కంపెనీలే తమ చరిత్రను తమ చేతులతో తుడిచేశాయి. జానీ కార్సన్ 'టునైట్ షో' మొదటి పదేళ్ళలో చాలా భాగం లేదు. 1967 జనవరి 15న జరిగిన మొదటి సూపర్ బౌల్‌ని సీబీఎస్, ఎన్‌బీసీ రెండూ ప్రసారం చేశాయి. పూర్తి టేపు రెండిట్లో ఎవరి దగ్గరా మిగల్లేదు. బీబీసీ 1960ల నాటి 'డాక్టర్ హూ' ఎపిసోడ్లలో తొంభైకి పైగా పోగొట్టుకుంది.

మరి వాటిలో మిగిలినవి ఎలా మిగిలాయి? చాలావరకు కంపెనీ గోడల బయట ఉన్న కాపీల వల్ల. సూపర్ బౌల్ టేపు ఒకటి (పూర్తిగా కాదు, చాలా భాగం) పెన్సిల్వేనియాలో ఒక ఇంటి అటక మీద దశాబ్దాల తర్వాత బయటపడింది. 'డాక్టర్ హూ' ఎపిసోడ్లు తొమ్మిది నైజీరియాలో దొరికాయని 2013లో ప్రకటించారు. ఎప్పుడో ప్రసారం కోసం పంపిన ఫిల్ము కాపీలు అవి. ఇంకో విశేషం: ఆ సీరియల్లో బొమ్మ పోయిన ప్రతి ఎపిసోడుకీ శబ్దం మాత్రం ఉంది. బీబీసీ దాచినందువల్ల కాదు, అభిమానులు ఇళ్ళలో టేప్‌రికార్డర్ పెట్టి రికార్డు చేసుకున్నందువల్ల. యజమాని పారేసుకున్నదాన్ని ప్రేక్షకుడు దాచిపెట్టాడన్నమాట. ఈ సంగతి గుర్తుంచుకోండి, ముందుముందు పనికొస్తుంది.

1975లో సోనీ బీటామ్యాక్స్ వచ్చింది. మరుసటి ఏడాదే యూనివర్సల్, డిస్నీ కోర్టుకెక్కాయి. ఇంట్లో రికార్డు చేసుకోవడం కాపీరైటు ఉల్లంఘన అని వాళ్ళ వాదన. కింది కోర్టులో సోనీ గెలిచింది, 1981లో అప్పీలు కోర్టులో ఓడింది. చివరికి 1984 జనవరి 17న అమెరికా సుప్రీంకోర్టు 5-4 తేడాతో సోనీ పక్షాన తీర్పు చెప్పింది. ఒక్క ఓటు అటు పడి ఉంటే వీసీఆర్ కథ వేరేలా ఉండేది.

ఆ తీర్పులో చాలామంది గమనించని మెలిక ఒకటుంది. కోర్టు సమర్థించింది 'టైమ్ షిఫ్టింగ్'ని, అంటే ఇప్పుడు రాని టైములో వచ్చేదాన్ని తర్వాత తీరిగ్గా చూసుకోవడాన్ని. చూసేసి శాశ్వతంగా బీరువాలో దాచుకోవడం గురించి గట్టిగా ఏమీ తేల్చలేదు. అప్పట్లో ఆ తేడా ఎవరికీ పట్టలేదు. ఎందుకంటే టేపు చేతిలో ఉంది. తర్వాత చూడ్డానికి చేసుకున్న కాపీయే దాచుకోవడానికీ పనికొచ్చేది. చట్టం సగం హక్కే ఇచ్చినా, మిగతా సగం ప్లాస్టిక్ డబ్బా రూపంలో దానంతటదే వచ్చింది.

డీవీఆర్ వచ్చాక ఆ రెండో సగం పోయింది.

సిలికాన్ గ్రాఫిక్స్‌లో పనిచేసి బయటికొచ్చిన జిమ్ బార్టన్, మైక్ రామ్సే 1997లో మొదలుపెట్టిన కంపెనీ టివో. 1999 మార్చి 31న మొదటి పెట్టెలు బయటికెళ్ళాయి. లోపల పవర్‌పీసీ ప్రాసెసర్, దాని మీద లైనక్స్, ఎంపెగ్-2 ఎన్‌కోడర్, మామూలు ఐడీఈ హార్డ్‌డిస్కు. 14 గంటల మోడల్, 30 గంటల మోడల్. లైవ్ టీవీని మధ్యలో ఆపి కాఫీ తెచ్చుకుని మళ్ళీ అక్కణ్ణుంచే చూడొచ్చు అంటే జనం ముక్కున వేలేసుకున్నారు.

ఆ సౌకర్యానికి డిస్కు చెల్లించిన మూల్యం మాత్రం తక్కువది కాదు. మీరు చూస్తున్నా చూడకపోయినా అది ట్యూన్ చేసిన ఛానల్ని రాస్తూనే ఉంటుంది, చివరి అరగంటను వెనక్కి తిప్పడం కోసం. ఏడాదికి 8,760 గంటలూ పనే. సెలవు లేదు, ఓవర్‌టైమూ లేదు :) పైగా టీవీ కింద అలమరలో గాలాడని చోట వేడి. దాంతో డిస్కులు పోయేవి, పవర్ సప్లైలో కెపాసిటర్లు ఉబ్బిపోయేవి.

మొదటి తరం పెట్టెల్లో మన జాతి వాళ్ళు (ఇంజినీర్లే లెండి) చేతులు పెట్టారు. డిస్కు ఊడదీసి పీసీకి తగిలించారు. ఫైల్ సిస్టమ్ టివో సొంతది, పైగా బైట్లు అటూ ఇటూ మారి ఉండేవి. అయినా తిప్పలు పడి పెద్ద డిస్కులు వేసుకున్నారు, వీడియో బయటికి లాగారు. 2002లో సిరీస్-2 వచ్చేసరికి ద్వారాలు మూసుకున్నాయి. సంతకం లేని కెర్నల్ని పెట్టె ఒప్పుకోదు. లైనక్స్ సోర్సు ఇస్తారు గానీ, దాన్ని మార్చి అదే పెట్టెలో నడపలేరు. దీన్నే 'టివోయిజేషన్' అన్నారు. 2007లో వచ్చిన జీపీఎల్ మూడో వెర్షన్‌లో దీన్ని అడ్డుకోవడానికి ప్రత్యేకంగా నిబంధన పెట్టారు. రికార్డింగులకు ఎన్‌క్రిప్షన్ కూడా వచ్చింది. ఆ తాళంచెవి మదర్‌బోర్డు మీద ఉంటుంది. ఒక టివో డిస్కు తీసుకెళ్ళి అదే మోడల్ ఇంకో టివోలో పెడితే 51వ నంబరు ఎర్రర్ వస్తుంది. దానికి విరుగుడు ఏమిటంటారా? అన్నీ చెరిపేసి మళ్ళీ మొదలుపెట్టడమే.

ఇక్కడ కొంచెం ఆగి ఆలోచించండి. పవర్ సప్లై పోతే మార్చుకోవచ్చు. డిస్కు మెల్లగా చస్తుంటే ముందే క్లోన్ చేసుకోవచ్చు. కానీ బోర్డు పోతే? డిస్కులో ప్రతి బిట్టూ క్షేమం, చదివే తాళంచెవి మాత్రం చచ్చిపోయిన బోర్డులో. ఇది పెట్టె పాడవడం వల్ల జరిగిన నష్టం అనలేం. పెట్టెని అలా తయారుచెయ్యాలని తీసుకున్న నిర్ణయం వల్ల జరిగిన నష్టం.

మన దగ్గర డీటీహెచ్ వాళ్ళ డీవీఆర్‌లు 2000ల చివర్లో వచ్చాయి. మా కొలీగ్ ఒకాయన వాళ్ళ నాన్నగారు రిటైరైన తెలుగు మాస్టారు. ఒక ఉగాది కవి సమ్మేళనంలో ఆయన పద్యాలు చదివితే టీవీలో వచ్చింది. ఇంట్లో డీవీఆర్‌లో రికార్డు చేశారు. రెండేళ్ళకు పెద్దాయన పోయారు. ఆ తర్వాత కొన్నాళ్ళకు పెట్టె ఆన్ అవడం మానేసింది. కస్టమర్ కేర్‌కి ఫోన్ చేస్తే "కొత్త బాక్స్ ఇస్తాం సార్, పాతది రిటర్న్ చెయ్యాలి" అన్నారు. రికార్డింగుల సంగతి అడిగితే "అవి రావు సార్" అన్నారట, చాలా మర్యాదగానే. ఈయన ఊరుకోకుండా డిస్కు విప్పి రికవరీ షాపుకి పట్టుకెళ్ళాడు. డిస్కులో ఏ లోపమూ లేదు, చదివితే మాత్రం అంతా చెత్త. వాళ్ళ నాన్న గొంతు ఆ డిస్కులోనే ఉంది, వినడానికి లేదు. మర్నాడు ఆఫీసులో మాకు ఇది చెబుతూ, "ఎన్‌క్రిప్షన్ మీద నేను ఎంతమందికి ట్రైనింగ్ ఇచ్చానో" అన్నాడు. ఎవరమూ ఏమీ అనలేకపోయాం.

కంపెనీల వైపు నుంచి కూడా చూద్దాం. డిజిటల్ కాపీకి నాణ్యత తగ్గదు. వీహెచ్ఎస్ టేపుకి కాపీ, దానికి మళ్ళీ కాపీ చేస్తే బొమ్మ మసకబారి దానంతటదే ఆగేది. ఎంపెగ్ ఫైలుకి ఆ బెంగ లేదు, ఒక్కడు నెట్‌లో పెడితే లోకమంతా చూస్తుంది. వాళ్ళ భయం ఉత్తదని నేననను. 2003లో అమెరికాలో ఎఫ్‌సీసీ డిజిటల్ కేబుల్‌కి నిబంధనలు పెట్టింది: గాల్లో వచ్చే ఉచిత ఛానళ్ళను ఎన్నిసార్లయినా కాపీ చేసుకోవచ్చు, డబ్బు కట్టే ఛానళ్ళకు 'ఒక్క కాపీ' అనే గుర్తు పెట్టొచ్చు, పే-పర్-వ్యూకి అసలు కాపీయే వద్దనొచ్చు. ఒక్క కాపీ అంటే ఆ పెట్టెలో ఉన్నదే ఆ కాపీ. అది పోతే పోయినట్టే. అదే ఏడాది ఉచిత ఛానళ్ళకు కూడా 'బ్రాడ్‌కాస్ట్ ఫ్లాగ్' అని ఇంకో తాళం వెయ్యబోతే, ఎఫ్‌సీసీకి ఆ అధికారం లేదని 2005లో కోర్టు కొట్టేసింది. కొట్టేయించింది ఎవరనుకున్నారు? ముందు నిలబడింది అమెరికన్ లైబ్రరీ అసోసియేషన్, అంటే దాచిపెట్టడమే పనిగా ఉన్నవాళ్ళు.

దొంగతనం ఆపడానికి వేసిన తాళం దొంగని ఆపిందా అంటే, టోరెంట్ల చరిత్ర మీకు నేను చెప్పక్కర్లేదు. జనాదరణ ఉన్న షో ఎక్కడో ఒకచోట దొరికేస్తుంది. దొరకనిది ఒకే ఒక్కసారి వచ్చి, ఒకే ఒక్క ఇంటికి ముఖ్యమైన అరగంట కార్యక్రమం. తాళం దెబ్బ తగిలింది సరిగ్గా దానికే.

తర్వాత పెట్టే మాయమైంది. కేబుల్‌విజన్ కంపెనీ 2006లో డిస్కుల్ని ఇళ్ళలో కాకుండా తన సర్వర్లలో పెడతానంది. స్టూడియోలు మళ్ళీ కోర్టుకెళ్ళాయి, 2008లో అప్పీలు కోర్టులో కంపెనీ గెలిచింది. గెలిచిన కారణం వింటే మనవాళ్ళకు నవ్వొస్తుంది. వెయ్యిమంది ఒకే షో రికార్డు చేస్తే వెయ్యి వేరువేరు కాపీలు ఉంచాలి, ఎవరిది వాళ్ళదే. డీడూప్లికేషన్ చేస్తే గొడవ! మంచిదేమిటంటే ఇక డిస్కు క్రాష్ భయం లేదు. చెడ్డదేమిటంటే, 2017లో మొదలైన యూట్యూబ్ టీవీ లాంటి చోట్ల రికార్డింగు 9 నెలలే ఉంటుంది. అంటే ఏదీ పాడవకుండానే, క్యాలెండర్ ప్రకారం పోతుంది. మొదటి పెట్టె తెచ్చిన టివో కూడా 2025లో డీవీఆర్‌లు అమ్మడం ఆపేసింది.

ఇంతకీ చెప్పొచ్చేదేమిటంటే, 'రికార్డు' అనే మాట అలాగే ఉంది గానీ దాని అర్థం మారిపోయింది. టేపు రోజుల్లో రికార్డు అంటే మన దగ్గర ఉన్న కాపీ. ఇప్పుడు రికార్డు అంటే, వాళ్ళు వద్దనేదాకా చూసుకోవడానికి ఇచ్చిన పర్మిషన్. రిమోట్ మీద ఎర్ర బటన్ ఒకటే కావడంతో తేడా మనకి తెలియలేదు.

ఫిలడెల్ఫియాలో మరియన్ స్టోక్స్ అని ఒకావిడ ఉండేది. పూర్వాశ్రమంలో లైబ్రేరియన్. 1970ల చివర్నుంచి 2012 డిసెంబరులో చనిపోయేదాకా టీవీ వార్తల్ని రాత్రింబవళ్ళు రికార్డు చేసింది. ఇంట్లో ఒకేసారి చాలా వీసీఆర్‌లు నడిచేవి. ఆమెది చాదస్తం అనుకున్నవాళ్ళే ఎక్కువ. పోయేనాటికి దాదాపు 70 వేల టేపులు. ఇంటర్నెట్ ఆర్కైవ్ వాటిని తీసుకుంది. ఆ ముప్ఫై అయిదేళ్ళలో ఎన్ని మెషీన్లు చచ్చి ఉంటాయో ఊహించండి. ఒక మెషీన్ చస్తే ఇంకోటి కొనేవాళ్ళు, టేపు మాత్రం అలాగే ఉండేది. అదే పని ఆవిడ డీవీఆర్‌తో చేసి ఉంటే ఈ రోజు అక్కడ ఏముండేది? మూతపడిన పెట్టెల గుట్ట.

టేపే శాశ్వతం అని కాదు. మన తేమకు బూజు పడుతుంది, నడిపే మెషీన్లు దొరకడం లేదు. కానీ అది మెల్లగా పోతుంది, పోయేలోపు ఇంకోదాన్లోకి మార్చుకునే వీలిస్తుంది. తాళం వేసిన డిస్కు ఆ వీలే ఇవ్వదు.

అందుకని, మీ ఇంట్లో ఇంకా డీవీఆర్ పెట్టె ఉంటే ఈ వారాంతం ఒకసారి లిస్టు తిరగేయండి. సినిమాలు, సీరియళ్ళు వదిలెయ్యండి, అవి ఎక్కడైనా ఉంటాయి. మీవాళ్ళు ఎవరైనా కనిపించే అరగంట ఏమన్నా ఉందా చూడండి. ఉంటే ప్లే చేసి, ఏ దారీ లేకపోతే టీవీ ముందు స్టాండు పెట్టి ఫోన్‌తోనైనా తీసేసుకోండి. బొమ్మ కాస్త వంకరగా వస్తుంది, పక్కింటి కుక్క అరుపు కూడా పడుతుంది. పడనివ్వండి. ఆ కాపీ మాత్రం మీది.