డిక్స్‌విల్ నాచ్: అర్ధరాత్రి పోలింగు

అమెరికా ఐక్యరాష్ట్రములలో న్యూ హాంప్‌షైర్ రాష్ట్రపు ఉత్తరపు కొసన, కెనడా సరిహద్దునకు చేరువగా, ఒక కొండ కనుమలో డిక్స్‌విల్ నాచ్ అను అల్ప జనావాసము కలదు. అధ్యక్ష ఎన్నిక జరుగు నవంబరు మంగళవారమున, దేశమంతయు నిద్రించు వేళ, గడియారము పన్నెండు కొట్టగానే అచటి వోటరులు వోటు వేయుదురు. కొలది నిమిషములలో లెక్కింపు ముగిసి, తెల్లవారులోపల ఫలితము లోకమునకు తెలియును.

ఈ ఆచారమునకు ఆద్యులు డిక్స్‌విల్ వారు కారు. అదే రాష్ట్రమునందలి హార్ట్స్ లొకేషన్ అను చిట్టి పట్టణమున, తెల్లవారుజామున పనికి పోవలసిన రైల్వే ఉద్యోగుల సౌకర్యార్థము 1948లో అర్ధరాత్రి పోలింగు ఆరంభమయ్యెను. విలేఖరుల తాకిడికి విసిగి ఆ ఊరివారు 1964 తరువాత దానిని మానుకొని, మరల 1996లో పునరుద్ధరించిరి. డిక్స్‌విల్ నందు 1960లో దీనిని నెలకొల్పినవాడు నీల్ టిలట్‌సన్. రబ్బరు బుడగల, చేతితొడుగుల వ్యాపారమున ధనము గడించి, ఆ కనుమలోని బాల్సమ్స్ అను పురాతన మహా హోటలును కొన్న ఆయన, తొలి వోటు తానే పెట్టెలో వేయుట సంప్రదాయముగా నడపి, నూట రెండేండ్ల వయస్సున 2001లో దివంగతుడయ్యెను. హోటలునందు టెలిఫోను వసతి యుండుట వార్తాసంస్థలకు మిక్కిలి అనుకూలించెను.

ఈ త్వరిత క్రతువునకు ఆధారము రాష్ట్ర శాసనమే. జాబితాలో నమోదైన వోటరులందరును వోటు వేసిన పిమ్మట పోలింగును ముగించి లెక్కింపవచ్చునని ఆ శాసనము చెప్పుచున్నది. ఒక్క వోటరు రాకున్నను తలుపు మూయ వీలులేదు. కాబట్టియే, హోటలులోని ‘బ్యాలెట్ గది’లో ఒక్కొక్క వోటరునకు ఒక్కొక్క బూతు వేరుగా అమర్చి, అందరును ఒకేసారి గుర్తు వేసి పెట్టెకడకు నడచునట్లు ఏర్పాటు చేసిరి. 1996లో దేశమంతటను అర్హులైనవారిలో సుమారు సగముమందే వోటు వేయగా, ఈ కనుమలో నూటికి నూరుగురు వచ్చుట నాకు ఫలితముకన్న గొప్ప విశేషముగా తోచుచున్నది. ఇరుగుపొరుగువారి రాకపై తన వోటు లెక్కింపు ఆధారపడినప్పుడు, ఉదాసీనత అచట వ్యక్తిగత విషయముగా మిగులదు.

దేశపు తీర్పును ఈ ఊరు ముందే చెప్పునన్న ప్రతీతి మాత్రము నిలువదు. 1960లో తొమ్మిది వోట్లును నిక్సన్‌కే పడెను, గెలిచినవాడు కెనడీ. 1968లో హంఫ్రీకి ఎనిమిది, నిక్సన్‌కు నాలుగు. ఈసారి నిక్సన్ గెలిచెను. ఆపై నలువది యేండ్లు రిపబ్లికన్ పక్షమునే వరించిన ఊరు, 2008లో ఒబామాకు పదునైదు, మెకేన్‌కు ఆరు వోట్లు ఇచ్చినది. ఇంత చిన్న సమాజమున రహస్య వోటు అన్నదియే సందిగ్ధమగును: తొమ్మిదియు ఒక్కవైపే పడినచో ఎవరి వోటు ఎవరికన్న ప్రశ్నకు తావే లేదు, 2020లో అయిదును బైడెన్‌కే పడగా మరల అట్లే జరిగినది. ఆ బూతుల తెరలు కాపాడలేని గోప్యతను, వోటరులు తమంతట తామే వదలుకొనిరనవలెను.

ఈ వోటరుల సంఖ్య హోటలుతో పెరిగి, హోటలుతోనే తరిగినది. 2011లో బాల్సమ్స్ మూతపడగా పనివారు చెదరిపోయిరి. 2012లో మిగిలిన పది వోట్లు ఒబామా, రామ్నీలకు అయిదేసిగా సమమయ్యెను. 2024లో ఆరింట మూడు హ్యారిస్‌కు, మూడు ట్రంప్‌నకు పడెను. అంతకుముందు, 2020 ప్రైమరీ సమీపించినప్పుడు, శాసనము కోరు ఎన్నికల అధికార పదవులను నింపుటకే నివాసులు చాలరని తేలి, ఆచారము ఆగిపోవునేమో యని భయపడిరి; అప్పుడు మరియొకరు వచ్చి అచట కాపురము పెట్టిన మీదటనే అర్ధరాత్రి పోలింగు నిలిచినది.