హెబ్రీ ప్రవక్తలు - విశ్వాసభంగము

మధ్యధరా సముద్రపు తూర్పుతీరమున, ఐగుప్తునకును అష్షూరునకును నడుమ, ఒకనాడు రెండు చిన్న రాజ్యము లుండెను. ఉత్తరమున ఇశ్రాయేలు, దాని రాజధాని సమరయ. దక్షిణమున యూదా, దాని రాజధాని యెరూషలేము. సైన్యబలమునందు గాని, సంపదయందు గాని, శిల్పవైభవమునందు గాని ఇవి పొరుగు సామ్రాజ్యములతో తులతూగినవి కావు. అయినను ఆ సామ్రాజ్యముల దేవతల పేరులు నేడు పురావస్తుశాలలలో మాత్రమే కనబడుచుండగా, క్రీ. పూ. 8వ శతాబ్దికిని 6వ శతాబ్దికిని నడుమ ఈ చిన్న రాజ్యములలో పలికిన కొందరు ప్రవక్తల మాటలు ఇప్పటికిని కోట్లాది గృహములలో పఠింపబడుచున్నవి. ఆ మాటలలో పలుమారులు వినవచ్చు నేరారోపణ యొకటి కలదు. అది విగ్రహారాధన. దానిని వారు అజ్ఞానమని యూరకొనక, వ్యభిచారమని పిలిచిరి. ఆ కఠినమైన పేరు ఏల పెట్టిరో నేడు మనము చరిత్రదృష్టితో విచారింతము.

విగ్రహమను మాట చెవిని బడగానే మన దేశమునందలి అర్చావిధానమును, దానిని గూర్చి మన పెద్దలు సాగించిన ఖండనమండనములును మనకు స్ఫురించుట సహజము. కాని ఆ ప్రవక్తలు మన దేశము నెఱుగరు. వారి వాదమంతయు తమ జాతితో, తమ రాజులతో, తమ యాజకులతో. కావున దానిని ఆ నేలమీదనే నిలిపి చూచుట న్యాయము.

ఆ జాతి తన పుట్టుకను గూర్చి చెప్పుకొన్న కథకు మూలము ఒక నిబంధన. ఐగుప్తు దాస్యమునుండి తమను విడిపించిన యెహోవా తమకు దేవుడుగా నుండుననియు, తాము ఆయనకు మాత్రమే ప్రజలుగా నుందుమనియు ఇరుపక్షముల వారును మాట యిచ్చుకొనిరని వారి విశ్వాసము. నాటి రాజులు సామంతులతో చేసికొన్న ఒడంబడికలకును ఈ నిబంధనకును పోలికలు కలవని పండితులు చూపిరి. సామంతుడు మరియొక ప్రభువును ఆశ్రయించినచో అది ద్రోహము. ఆ ద్రోహమును దాంపత్యభాషలోనికి మార్చి చెప్పినవారిలో మొదటివాడు హోషేయ ప్రవక్త యని సాధారణముగా భావింతురు.

ఇక ఆ ప్రతిపక్షదైవ మెవరు? తెలుగు బైబిలులో ఆతని పేరు 'బయలు' అని వ్రాయబడినది. మనము మైదానమున కుపయోగించు బయలు అను మాటకును దీనికిని సంబంధము లేదు. హెబ్రీభాషలో ఆ మాటకు యజమాని యనియు, భర్త యనియు అర్థములు కలవు. 1928లో సిరియా సముద్రతీరమున ఒక రైతు నాగలికి పురాతన సమాధి యొకటి తగిలెను. మరుసటి యేడు ప్రారంభమైన త్రవ్వకములలో సమీపమున ఉగారితు అను నగరము బయటపడెను. క్రీ. పూ. 1200 ప్రాంతమున నశించిన ఆ నగరపు మట్టిపలకలలో బయలు కథ యున్నది. ఆతడు మేఘములకు, ఉరుములకు, వానకు అధిపతి. మృత్యుదేవుడు ఆతనిని మ్రింగగా నేల యెండును. ఆతడు తిరిగి రాగా పైరు పచ్చనగును. ఏటినీటి ఆధారములేక వానకై ఆకాశమువంక చూచు కనాను రైతునకు ఆ దేవుడు ఎంత అవసరముగా తోచెనో ఊహించుట కష్టము కాదు. యెడారినుండి తమను నడిపించిన దేవుడు వానకును ప్రభువేనా? గోధుమలు, ద్రాక్షారసము, నూనె ఇచ్చువా డెవడు? హోషేయ కాలపు వివాదమంతయు ఈ యింటి ప్రశ్నలోనే యున్నది.

దీనికి తోడు రాజకీయము కలదు. సుమారు క్రీ. పూ. 930లో రాజ్యము రెండుగా చీలినప్పుడు, ఉత్తరదేశపు తొలిరాజు యరొబాము తన ప్రజలు పూజకై యెరూషలేము పోయినచో తిరిగి దావీదు వంశమునకే లోబడుదురని భయపడి, బేతేలునందును దానునందును బంగారు దూడలను నిలిపెను. ఆతడు క్రొత్త దేవుని తెచ్చితినని చెప్పలేదు; ఐగుప్తునుండి విడిపించిన దైవమే యిచట నున్నాడని చెప్పెను. ఆ దూడలు కంటికి కనబడని దేవునకు పీఠములని నేటి పండితులలో పెక్కుమంది అభిప్రాయము. కాని పీఠమునకును దైవమునకును గల భేదము రాజు మనసులో నిలిచినట్లు ప్రజల మనసులో నిలుచునా? రెండు శతాబ్దుల తరువాత హోషేయ, జనులు దూడలను ముద్దుపెట్టుకొనుచున్నారని ఆక్షేపించెను.

ప్రవక్తల మాటలను మాత్రమే చదివినచో ప్రజలు యెహోవాను పూర్తిగా విడిచిరని తోచును. నేలనుండి తీసిన ఆధారములు ఇంకొకవిధముగా చెప్పుచున్నవి. 1910లో సమరయ రాజనగరు త్రవ్వకములలో దొరికిన పెంకులపై ద్రాక్షారసము, నూనె పంపిన వారి పేరులున్నవి. వానిలో యెహోవా నామముతో కూడిన పేరులును, బయలు నామముతో కూడిన పేరులును ప్రక్కప్రక్కనే కనబడును. 1975-76లో సీనాయి ఎడారిలోని కుంటిల్లెట్ అజ్రూదు అనుచోట దొరికిన పెద్ద జాడీలపై, సమరయ యెహోవా పేరును 'అషేరా' పేరును కలిపి వ్రాసిన ఆశీర్వచనము లున్నవి. అషేరా యనగా ఇచట దేవతయా, ఆమెకు గుర్తైన కొయ్యస్తంభమా యను చర్చ నేటికిని సాగుచున్నది. ఏదియైనను సామాన్యప్రజ యెహోవాను విడువలేదు. ఆయనకు తోడుగా మఱికొందరిని నిలుపుకొనెను. తాము ద్రోహము చేయుచున్నామని వారికి తోచియుండదు. ప్రవక్తకు అదియే అసలు ద్రోహముగా తోచెను.

హోషేయ ఉత్తరదేశస్థుడు. రెండవ యరొబాము కాలమున, అనగా సుమారు క్రీ. పూ. 750 ప్రాంతమున, ప్రవచింప నారంభించెను. ఆతడు గోమెరు అను స్త్రీని వివాహమాడెను. ఆమె పరపురుషుల వెంట బోయినదని గ్రంథము చెప్పుచున్నది. కలిగిన బిడ్డలకు పెట్టిన పేరులే శాపములు. ఒక కుమార్తె పేరు లోరూహామా, 'జాలి పొందనిది'. ఒక కుమారుని పేరు లోఅమ్మీ, 'నా జనము కానివాడు'. ఆ బిడ్డలను వీథిలో పిలిచినప్పుడెల్ల పొరుగువారు తమ జాతిమీది తీర్పును వినవలసి వచ్చెను. తరువాతి అధ్యాయమున ప్రవక్త 15 తులముల వెండియు కొంత యవధాన్యమును ఇచ్చి ఒక స్త్రీని తిరిగి తెచ్చుకొనును. అచట ఆమె పేరు చెప్పబడలేదు. గోమెరే యని పలువురి నమ్మకము. నిందించుటకు ఎత్తుకొన్న ఉపమానము ఇచట విడువలేని ప్రేమకు ఉపమానమైనది. భార్య ఇకమీదట తనను 'బయలు' అని, అనగా యజమాని యని పిలువక, నా పురుషుడని పిలుచునని దేవుడు చెప్పినట్లు హోషేయ వ్రాసెను. ఒక్క పదముమీద ఆతడు తన వేదాంతమంతయు నిలిపెను.

ఈ విశ్వాసభంగము గుడిలో మాత్రమే జరుగునది కాదు. రెండవ యరొబాము మరణించిన పిమ్మట పాతికేండ్లలోపల ఆరుగురు రాజులు సింహాసన మెక్కిరి. వారిలో నలుగురు హత్యచేయబడిరి. మెనహేము అను రాజు అష్షూరు చక్రవర్తికి వెయ్యి తలాంతుల వెండి కప్పము చెల్లించెను. ధనవంతుడొక్కొక్కడు 50 తులముల చొప్పున ఇయ్యవలసి వచ్చెను. తలాంతునకు 3,000 తులములు గనుక, లెక్కకు 60,000 మంది మీద పడిన భారమది. ఒకయేడు అష్షూరును, ఇంకొకయేడు ఐగుప్తును ఆశ్రయించు ఈ నీతిని హోషేయ బుద్ధిలేని పావురముతో పోల్చెను. ఆతని దృష్టిలో గుఱ్ఱములను, ఒడంబడికలను నమ్ముటయు దూడను నమ్ముటయు ఒకటే.

న్యాయవిషయమును అంతే. దేశమున అబద్ధము, హత్య, దొంగతనము ప్రబలుట దేవుని ఎఱుగకపోవుటకు గుర్తని హోషేయ చెప్పెను. ఇంచుమించు అదే కాలమున యెరూషలేమున యెషయా, ఒకప్పుడు న్యాయమునకు నిలయమైన నగరము వేశ్యయైనదని విలపించెను. ఆతడు అచట చూపిన నేరము బొమ్మల పూజ కాదు, లంచము పుచ్చుకొను అధికారులు, విధవరాలి మొఱ చెవిని బెట్టని న్యాయాధిపతులు.

స్త్రీని ద్రోహమునకు గుర్తుగా చేసిన ఈ ఉపమానము మనకు బాధ కలిగింపకపోదు. యెహెజ్కేలు గ్రంథమున ఇది మిక్కిలి క్రూరరూపము దాల్చెను. దానిని నేటి పాఠకురాండ్రును పండితులును ప్రశ్నించుట న్యాయమే. కాని ఒక విషయము మరువరాదు. ఈ మాటలు వినిన రాజులు, యాజకులు, అధికారులు పురుషులు. తాము వ్యభిచారిణియగు స్త్రీవంటివారమని వినుట వారికి గొప్ప అవమానము. అంతేగాక, పురుషులే వేశ్యలవెంట పోవుచుండగా కుమార్తెలను, కోడండ్రను శిక్షింపనని దేవుడు పలికినట్లు హోషేయయే వ్రాసెను.

క్రీ. పూ. 722 ప్రాంతమున సమరయ కూలెను. 27,290 మందిని చెరగొంటినని అష్షూరు రాజు సర్గోను శాసనము. వారు నమ్ముకొన్న దేవతలను సైతము కొల్లగొంటినని ఆతడు చెప్పుకొనెను.

దక్షిణమున యూదా మఱి 135 ఏండ్లు నిలిచెను. అచటి రాజు హిజ్కియా, మోషే చేయించినదని ప్రసిద్ధిగాంచిన ఇత్తడిసర్పమునకు జనులు ధూపము వేయుట చూచి దానిని ముక్కలు చేయించెను. ఒకనాడు దైవకార్యమునకు సాధనమైన వస్తువే కాలక్రమమున దైవమై కూర్చుండునని ఇందువలన తెలియుచున్నది. క్రీ. పూ. 622లో యోషీయా రాజు అషేరా ప్రతిమను కాల్పించి, ఊరూర నున్న బలిపీఠములను పడగొట్టించెను. అప్పుడు జనులకు యెరూషలేము ఆలయమొక్కటే మిగిలెను. ఆ ఆలయముండగా తమకు చేటు లేదని వారు ధైర్యముతో నుండిరి. యిర్మీయా ప్రవక్త ఆ ఆలయద్వారముననే నిలిచి, అన్యాయము చేయుచు ఈ కట్టడమును నమ్ముట మోసమని ప్రకటించెను. విగ్రహములు లేని గుడియే విగ్రహమైనదని ఆతని ఆరోపణ. అందుకై ఆతనికి మరణశిక్ష విధింపవలెనని యాజకులు కోరిరి.

క్రీ. పూ. 586 ప్రాంతమున బబులోను సైన్యము ఆ ఆలయమును కాల్చెను. ఐగుప్తునకు పారిపోయిన యూదులతో వృద్ధుడైన యిర్మీయా జరిపిన వాదము ఆతని గ్రంథమున నున్నది. ఆకాశరాణి యను దేవతకై పిల్లలు కట్టెలేరగా, తండ్రులు నిప్పు రాజేయగా, తల్లులు పిండి పిసికి రొట్టెలు చేయు ఇంటిపూజ యొకటి యూదాలో నుండెను. దానిని మానుడని ప్రవక్త చెప్పగా, స్త్రీలును వారి భర్తలును ఎదురు చెప్పిరి. మేము ఆమెను కొలిచిన దినములలో మాకు తిండికి కొదువలేదు. మానిన నాటినుండియే కత్తియు కరవును వచ్చినవని వారి వాదము. ఆ పూజవలననే చేటు కలిగినదని యిర్మీయా వాదము. సంభవించిన ఘటన లొక్కటే, అర్థములు రెండు. ఆ దినమున ఎవరును ఎవరిని ఒప్పింపలేకపోయిరి.

ఆ వాదము అచటితో ముగియలేదు. ఐగుప్తు దక్షిణసరిహద్దున ఎలిఫెంటీను ద్వీపమున కాపురమున్న యూదుసైనికుల క్రీ. పూ. 5వ శతాబ్దిపు పత్రములలో, యెహోవా పేర వసూలు చేసిన చందాల జాబితాలో అనాతు-బేతేలు అను దేవత పేరును కలదు. ఆ కాలనీ కాలగర్భమున కలిసెను. బబులోను చెరలో నున్నవారు మాత్రము రాజు, గుడి, దేశము మూడును పోయిన పిమ్మట, తమను తిట్టిన ప్రవక్తల గ్రంథములనే భద్రపరచుకొనిరి. విజయశాసనములు చెక్కించుకొన్న రాజులు చరిత్రలో పెక్కుమంది కలరు. తమ నేరారోపణపత్రమును తామే నకలు వ్రాసికొని, బిడ్డలకు చదివి వినిపించిన జాతులు అరుదు. మాట తప్పితిమని ఒప్పుకొనుటకు, ఆ మాట ఇంకను తమదేయని నమ్మవలెను. లోఅమ్మీ యను పేరు 'నా జనము' అని మారునని హోషేయ వ్రాసిన ఆశ, ఆ గ్రంథములతో పాటు వారియొద్ద నిలిచెను.