శలలి మొదలు పేలదువ్వెన వరకు

పసిపిల్లల తల దిద్దిన సాధనముల చరిత్ర చెప్పబూనువారు సాధారణముగా దంతపు దువ్వెనలతో నారంభింతురు గాని, తెలుగునాట అనేక కుటుంబములకు నేటికిని ఆచారప్రమాణమైన ఆపస్తంబగృహ్యసూత్రమును తెరచి చూచినచో, అంతకంటె విచిత్రమైన పరికర మొకటి గోచరించును. చౌలసంస్కారమున శిశువు పుట్టువెంట్రుకలపై కత్తి సోకకముందే, మూడు తెల్లమచ్చలు గల ఏదుపంది ముల్లును, మూడు దర్భల పింజలను, లేతమేడికాయల గుత్తిని చేతబట్టి, మంత్రము లేక, మౌనముగా కేశములను విడదీసి, వంశపు ఋషుల ననుసరించి శిఖలు నిలుపవలెనని యందు విధింపబడినది. శలలి యనబడు నీ ముల్లే సీమంతమున తల్లి పాపటను తీర్చును. నునుపై, మొన వాడియై, తడిసినను మెత్తబడని యా వస్తువును సూత్రకారులు ఊరక యెన్నుకొనియుండరని నా తలంపు.

కర్మకాండ ముగిసిన మరునాటినుండి పిల్లల తల నేలినది దువ్వెనయే. దాని తొలికర్తవ్యము సింగార మనుకొనుట పొరపాటు. ప్రాచీన ఈజిప్టుదేశపు దువ్వెనల పండ్లనడుమ ఎండి నిలిచిన పేలును, ఈపులును పరిశోధకులు కనుగొనియే యున్నారు. ఒకవైపు చిక్కు తీయుటకు ఎడమైన పండ్లు, రెండవవైపు పేలు దువ్వుటకు దట్టమైన పండ్లు గల ఆకృతి దంతమునను, కొయ్యను, కొమ్మునను ఇంచుమించు మారక వచ్చినది.

1936లో ఒరిస్సా రాష్ట్ర మేర్పడినపుడు మదరాసు రాజధానినుండి విడివడిన పర్లాకిమిడి కొమ్ముపనికి ప్రసిద్ధికెక్కిన పట్టణము. దువ్వెనకై కొమ్మును రంపముతో కోసి, సెగకు మెత్తబరచి, అదిమి పలకగా సాగదీసి, చల్లారిన పిదప పండ్లను ఒకటొకటిగా కోసి, వెంట్రుక తగులుకొనకుండ ప్రతి సందును అరగదీయుదురు. ఈ చివరిపని యందే పనివాని నేర్పంతయు గలదు, ఏలయన గరుకు మిగిలిన దువ్వెనను పిల్ల రెండవమారు తలపై పెట్టనీయదు!

1870 ప్రాంతమున అమెరికాలో జాన్ వెస్లీ హయట్ సిద్ధపరచిన సెల్యులాయిడు, దంతమును పోలిన దువ్వెనలను చౌకగా నందించినది. నిప్పు సోకిన భగ్గున మండుట దాని దుర్గుణము. తరువాత వచ్చిన ప్లాస్టిక్కు మండుటలో నంత తొందరపడదు గాని, దాని సన్ననిపండ్లు కొలదినాళ్లకే వంగి, సందులు విచ్చుకొనును. ఈపి వెంట్రుకకు జిగురుతో నంటుకొని, వారము పదిదినములలో పేనగును గనుక, సందు విచ్చిన దువ్వెన అక్కరకు రాదు. అందువలన తల్లులు పండ్లనడుమ నూలుదారము నల్లి సందును బిగించుకొనిరి. ఇప్పుడు మందుల దుకాణములలో ఉక్కుసూదుల వంటి పండ్లు గల పేలదువ్వెనలు అమ్ముచున్నారు. వీనికి దారముతో పనిలేదు.