చైనా సూదివైద్యం: ఆశించదగినదేమి, ఆశించరానిదేమి?

ఛత్తీస్‌గఢ్‌లోని సుక్మా నుంచి కోంటా మీదుగా భద్రాచలం వైపు సాగే రహదారిపై ఎర్రబోరు గ్రామం ఉంది. పూర్వపు బస్తర్ సంస్థానానికి దక్షిణపు అంచు అయిన ఈ ప్రాంతం దోర్ల గిరిజనుల నివాసభూమి. వారి మాట కోయ భాషకు చేరువ. తెలుగు వారికి కొత్త కాదు. నడుము పట్టేసినా, జ్వరం తగిలినా ముందుగా వడ్డెను ఆశ్రయించడం ఈ అడవి పల్లెల్లో తరతరాల ఆచారం. నొప్పి ఉన్నచోట వాత పెట్టడం తెలుగు పల్లెలకూ తెలిసినదే. సుశ్రుత సంహిత అగ్నికర్మను, సిరావ్యధను, కొమ్ముతోను జలగలతోను రక్తం తీసే పద్ధతులను వివరించింది. శరీరాన్ని కాల్చి, పొడిచి బాధను తొలగించవచ్చునన్న భావన మన దేశంలో ఎంత ప్రాచీనమైనదో దీనిని బట్టి గ్రహించవచ్చు. చైనాలో సూది ఒక సమగ్ర వైద్యవిధానానికే ఆధారమయింది. అదే ఆక్యుపంక్చర్.

సూది నడిచిన దారి

క్రీస్తుకు పూర్వమే రూపుదిద్దుకున్న ‘హువాంగ్‌దీ నైజింగ్’ ఈ విద్యకు మూలగ్రంథం. దేహంలో ‘ఛి’ అనే ప్రాణశక్తి నిర్ణీత మార్గాలలో ప్రవహిస్తుందని, ఆ మార్గాలపై గల బిందువుల వద్ద సూది గుచ్చి దానిని సరిదిద్దవచ్చునని ఆ గ్రంథ సంప్రదాయం చెబుతుంది. రాజాదరణ ఎల్లకాలం నిలవలేదు. 1822లో ఛింగ్ చక్రవర్తి ఆజ్ఞతో రాజవైద్య సంస్థలో ఈ బోధన నిలిచిపోయింది. 1950వ దశకంలో కొత్త ప్రభుత్వం దీనిని పునరుద్ధరించింది.

భారతదేశానికి ఈ విద్య రావడం వెనుక ఒక స్నేహగాథ ఉంది. జపాను దండయాత్రకు గురైన చైనాకు సాయంగా 1938లో భారత జాతీయ కాంగ్రెస్ ఐదుగురు వైద్యులను పంపింది. అటల్, చోల్కర్, కోట్నీస్, బసు, ముఖర్జీ ఆ బృంద సభ్యులు. తెలుగు చేనేతవారు పెద్ద సంఖ్యలో స్థిరపడిన షోలాపూరు నగరం కోట్నీస్ జన్మస్థలం. ఆయన 1942లో, 32 ఏళ్ల వయసులో చైనాలోనే మరణించారు. స్వదేశానికి తిరిగివచ్చిన బిజయ్ కుమార్ బసు 1958లో మళ్లీ చైనా వెళ్లి సూదివైద్యం అభ్యసించి, 1959 నుంచి కలకత్తాలో చికిత్స ప్రారంభించారు. పశ్చిమ బెంగాల్ 1996లో దీనికి చట్టం చేసింది. కేంద్ర ప్రభుత్వం 2003లో చికిత్సా పద్ధతిగా అంగీకరించి, 2019లో స్వతంత్ర విధానంగా గుర్తించింది.

చికిత్స తీరు

వైద్యుడు ముందుగా రోగి బాధను విచారిస్తాడు; నాడి, నాలుక పరిశీలిస్తాడు. సూదులు వెంట్రుకంత సన్ననివి. గుచ్చినప్పుడు చీమ కుట్టినట్లుండి, ఆ తరువాత బరువుగానో, తిమ్మిరిగానో అనిపిస్తుంది. సాధారణంగా 20 నుంచి 30 నిమిషాలు సూదులను అలాగే ఉంచుతారు. ఒక్కసారితో ఫలితం తేలదు. వారానికి ఒకటి రెండు సార్లు చొప్పున కొన్ని వారాలు సాగుతుంది. కొద్దిగా నెత్తురు చిమ్మడం, కమిలిపోవడం, కళ్లు తిరగడం అప్పుడప్పుడు జరుగుతాయి. అరుదుగా, అజాగ్రత్త వల్ల ఊపిరితిత్తికి గాయం కావచ్చు. గర్భిణులు, రక్తం పలుచబడే మందులు వాడేవారు ఆ సంగతి ముందే చెప్పాలి. ఒకరికి వాడిన సూదిని మరొకరికి వాడరాదన్నది తప్పనిసరి నియమం.

ఫలితం ఎంత? జర్మనీలో 1162 మంది నడుమునొప్పి రోగులపై జరిగిన పరీక్ష ఫలితాలు 2007లో వెలువడ్డాయి. ఆరు నెలల తరువాత మామూలు చికిత్స పొందినవారిలో సుమారు 27 శాతం, సూదివైద్యం పొందినవారిలో సుమారు 48 శాతం మెరుగుదల చూపారు. అయితే నిర్ణీత బిందువులు కానిచోట పైపైన సూదులు గుచ్చినవారిలో కూడ 44 శాతం మెరుగుపడ్డారు. అనగా ఉపశమనం నిజమే గాని, ప్రాచీన బిందుసిద్ధాంతమే దానికి కారణమని ఈ పరీక్ష రుజువు చేయలేదు. దీర్ఘకాలపు నడుమునొప్పి, మోకాలినొప్పి, తలనొప్పి వంటి వాటిలో కొంత ఊరటను రోగి ఆశించవచ్చు. అంటురోగాన్ని సూది తొలగిస్తుందని ఆశించరాదు.

రెండవ కానుక

ఎర్రబోరు వంటి గ్రామానికి ఈ భేదం ప్రాణావసరం. దక్షిణ బస్తర్ అడవులలో జ్వరమంటే మలేరియా కావచ్చు. అక్కడ ఒకటి రెండు రోజుల ఆలస్యం పసిబిడ్డ ప్రాణం తీయగలదు. దీనికి మందు కూడ చైనా సంప్రదాయం నుంచే రావడం గమనార్హం. నాలుగవ శతాబ్దపు వైద్యుడు గె హోంగ్ ఛింగ్‌హావ్ అనే మొక్కను నీటిలో నానబెట్టి, పిండిన రసం జ్వరానికి ఇవ్వాలని రాశాడు. ఆ మాట ఆధారంగా తూ యూయూ బృందం 1972లో ఆర్టిమిసినిన్‌ను వేరుచేసింది. 2015లో ఆమెకు నోబెల్ బహుమతి లభించింది. పాత గ్రంథంలోని మాటను పూజించి ఊరుకోలేదు, కొట్టివేయనూ లేదు, పరీక్షించి చూశారు. నేడు ఫాల్సిపారం మలేరియాకు ఆర్టిమిసినిన్ ఆధారిత మిశ్రమ ఔషధాలే ప్రధాన చికిత్స.

2020 జనవరిలో ‘మలేరియా ముక్త్ బస్తర్’ కార్యక్రమం మొదలయింది. ఇంటింటికీ వెళ్లి, జ్వరం లేనివారికి సైతం రక్తపరీక్ష చేయడం దాని ప్రత్యేకత. వేలికొసన సూదితో తీసే ఆ ఒక్క రక్తపు బొట్టు ఏ మందు కావాలో నిర్ణయిస్తుంది. నడుమునొప్పి వీడని వృద్ధుడు చైనా సూది కోసం పట్నం వెళ్లవచ్చు. వారాల తరబడి వేచి చూడవచ్చు. జ్వరంతో ఒళ్లు కాలుతున్న బిడ్డకు మాత్రం మొదట కావలసినది ఈ చిన్న సూదే.