గేటు బొమ్మ, ఇంజన్ బొమ్మ

ఎల్‌ఎల్‌ఆర్ పరీక్షకు వెళ్లినవాళ్లను తికమక పెట్టే బొమ్మ ఒకటుంది. ఎర్ర అంచు త్రికోణం, లోపల పాతకాలపు ఆవిరి ఇంజన్. చూడగానే ‘ముందు రైల్వే గేటు ఉంది’ అన్న జవాబు మీద వేలు పడుతుంది. తప్పు. ఇంజన్ బొమ్మ ఉన్నచోట గేటూ ఉండదు, గేటు వేసే మనిషీ ఉండడు. గేటున్న చోట పెట్టే త్రికోణంలో కంచె తడికలాంటి బొమ్మ ఉంటుంది, రైలు జాడే కనబడదు.

రైలొస్తోందో లేదో చూసుకునే పూచీ ఎవరిదో చెప్పడమే ఈ రెండు బొమ్మల పని. గేటు బొమ్మ ఉంటే రైల్వేది. ఇంజన్ బొమ్మ ఉంటే మీది. ఆ పూచీ ఎవరి నెత్తిన వేయాలన్న తగవు దాదాపు రైలంత పాతది.

ఇంగ్లండ్ ఆ తగవును మొదట్లోనే తేల్చేసింది. రైలు పట్టాలు ప్రజల బాటను దాటే ప్రతిచోటా కంపెనీయే గేట్లు పెట్టాలి, వాటిని తీయడానికీ వేయడానికీ మనుషుల్ని నియమించాలి అని 1839లో చట్టం చేశారు. బాట ముందునుంచీ ఉంది, రైలు తర్వాత వచ్చింది కనుక జాగ్రత్త రైలువాళ్లదే అని అక్కడి లెక్క. అంతకు ఆరేళ్ల ముందు, 1833లో, లీసెస్టర్ దగ్గర థార్న్‌టన్ అనే ఊళ్లో వెన్న, గుడ్లు సంతకు తీసుకెళ్తున్న బండిని సామ్సన్ అనే ఇంజన్ గుద్దిందనీ, ఆవిరి కూత పుట్టింది ఆ దెబ్బతోనేననీ ఒక కథ చెబుతారు. అందులో నిజమెంతో చరిత్రకారులు ఇప్పటికీ వాదించుకుంటున్నారు. కథ మాత్రం బాగుంది.

అమెరికా దారి వేరు. వేల మైళ్ల పట్టాలు, చుట్టూ మనుషులు లేని మైదానాలు. ప్రతి బాట దగ్గరా మనిషిని నిలబెట్టే ఖర్చు కంపెనీలు పెట్టుకోలేదు. రెండు చెక్కలను అడ్డంగా కొట్టి, రైలు వస్తుంది చూసుకోమని రాసి నిలబెట్టారు. పూచీ చల్లగా బాటసారి మీదికి జారిపోయింది. తర్వాత 1923లో అక్కడి రాష్ట్రాల రోడ్ల అధికారులు బోర్డుల ఆకారాలు ఖరారు చేసినప్పుడు, ప్రమాదం ఎంత ఎక్కువైతే బోర్డుకు అన్ని ఎక్కువ భుజాలు అన్నది సూత్రం. ఆగి తీరాల్సిన చోటికి ఎనిమిది భుజాలు ఇచ్చారు. రైలు పట్టాలకు ఏకంగా గుండ్రటి బోర్డు, అంటే లెక్కలేనన్ని భుజాలు!

ఈలోగా యూరప్‌లో మోటారు కార్లు దేశాల సరిహద్దులు దాటడం మొదలుపెట్టాయి. భాష రాని డ్రైవర్‌కు కూడా అర్థమయ్యేలా బొమ్మలు కావాల్సి వచ్చింది. 1909లో పారిస్‌లో కుదిరిన ఒప్పందంలో నాలుగంటే నాలుగే హెచ్చరికలు: రోడ్డు మీద ఎత్తుపల్లం, మలుపు, కూడలి, రైల్వే గేటు. మోటారు పుట్టి పాతికేళ్లు కూడా నిండకముందే రైలు పట్టాలు ఆ నాలుగింటిలో చోటు సంపాదించాయి. 1926లో మళ్లీ పారిస్‌లోనే కూర్చుని హెచ్చరికలకు త్రికోణం స్థిరం చేశారు. రైల్వే గుర్తు రెండుగా చీలింది అప్పుడే. కాపలా ఉన్నచోటికి గేటు బొమ్మ, లేనిచోటికి ఇంజన్ బొమ్మ. మనం ఈనాటికీ వాడుతున్నది ఆ జంటనే.

మరుసటి ఏడాదే అమెరికా సుప్రీంకోర్టు ముందుకు ఒక కేసు వచ్చింది. ఒహాయోలో కాపలా లేని పట్టాలు దాటుతూ ట్రక్కు డ్రైవర్ ఒకాయన చనిపోతే, భార్య రైల్వే మీద దావా వేసింది. తీర్పు రాసింది మహా పేరున్న న్యాయమూర్తి ఆలివర్ వెండెల్ హోమ్స్. రైలు వస్తున్నదీ లేనిదీ తేలనప్పుడు బండి ఆపాలి, అవసరమైతే దిగి చూడాలి, చెవుల మీద భరోసా పెట్టుకుని ముందుకు పోతే ఆ నష్టం అతనిదే అన్నాడు. ఏడేళ్లకు, 1934లో, ఇలినాయ్‌కి చెందిన మరో ట్రక్కు డ్రైవర్ కేసులో బెంజమిన్ కార్డోజో ఆ మాటకు కళ్లెం వేశాడు. పట్టాల పక్కన పెట్టెలు నిలిపి ఉండి చూపు ఆనని చోట డ్రైవర్ దిగి చూసి, తిరిగి వచ్చి, బండి ఎక్కి కదిలేలోపు రైలు రానే వస్తుంది కదా, దిగడం వల్ల లాభమేమిటన్నది ఆయన వాదన. నాకైతే కార్డోజోయే ఎప్పుడో ఒకసారి బండి తోలినవాడిలా కనిపిస్తాడు.

మన చట్టం మాత్రం హోమ్స్ వైపే ఉంది. 1988 మోటారు వాహనాల చట్టం 131వ సెక్షన్ చదవండి. కాపలా లేని పట్టాల దగ్గర డ్రైవర్ బండి ఆపాలి. కండక్టరో క్లీనరో బండిలోని ఇంకెవరైనానో పట్టాల దాకా నడిచి వెళ్లి, రెండు వైపులా రైలు గానీ ట్రాలీ గానీ రావడం లేదని చూసి, ముందుండి బండిని దాటించాలి. వేరే మనిషి లేకపోతే డ్రైవరే దిగి చూడాలి. ఈ సెక్షన్‌ను అక్షరాలా పాటించిన వాళ్లను మీలో ఎంతమంది చూసి ఉంటారు?

త్రికోణం కింద ఎర్ర పట్టీలు కూడా ఉంటాయి. రెండు పట్టీలుంటే పట్టాలు సుమారు 200 మీటర్ల దూరంలో ఉన్నట్టు, ఒక్కటే ఉంటే 50 నుంచి 100 మీటర్ల లోపున్నట్టు. గంటకు 80 కిలోమీటర్ల వేగంతో వెళ్లే కారుకు ఆ 200 మీటర్లు తొమ్మిది సెకన్లు. అటువైపు పట్టాల పక్కన, 600 మీటర్ల ముందే, లోకో పైలట్‌కు పసుపుపచ్చ బోర్డు ఉంటుంది. దాని మీద హిందీలో ‘సీ/ఫా’, ఇంగ్లిషులో ‘డబ్ల్యూ/ఎల్’. కిటికీ పక్కన కూర్చున్న ప్రతి పిల్లవాడూ అదేమిటని అడిగే ఉంటాడు. ముందు గేటుంది, కూత వెయ్యి అని దానర్థం. వందతో వచ్చే రైలు ఆ 600 మీటర్లను 22 సెకన్లలో దాటేస్తుంది. ఆ వేగంలో బ్రేకు వేసినా అంత దూరంలో ఆగడం కష్టం. అందుకే లోకో పైలట్ చేతిలో ఉన్నది కూత ఒక్కటే.

ఆ కూత చాలదని 2014 జూలై 24న మెదక్ జిల్లా మాసాయిపేటలో తేలింది. కాపలా లేని పట్టాల మీద స్కూలు బస్సును నాందేడ్–సికింద్రాబాద్ ప్యాసింజర్ ఢీకొట్టింది. పదిమందికి పైగా పిల్లలు పోయారు. తెలంగాణ రాష్ట్రం ఏర్పడి అప్పటికి రెండు నెలలు కూడా కాలేదు. అసలు లెవెల్ క్రాసింగులన్నిటినీ ఐదేళ్లలో ఎత్తేయమని అనిల్ కకోద్కర్ కమిటీ 2012లోనే సిఫారసు చేసి ఉంది. 2018 ఏప్రిల్‌లో ఉత్తరప్రదేశ్‌లోని కుశీనగర్‌లో మళ్లీ అలాంటి ఘోరమే జరిగాక పనులు పరుగందుకున్నాయి. 2019 జనవరి చివరికి బ్రాడ్‌గేజ్ మీద కాపలా లేని క్రాసింగులు లేకుండా పోయాయి. కొన్నిచోట్ల గేట్‌మ్యాన్ వచ్చాడు, కొన్నిచోట్ల అండర్‌పాస్ తవ్వారు, కొన్ని మూసేశారు. పూచీ మళ్లీ 1839 నాటి చోటికి, రైల్వే దగ్గరికి వచ్చింది. ఇంజన్ బొమ్మ పని చాలావరకు పరీక్ష పేపర్లకే మిగిలింది.

ఇక గేటు బొమ్మ. దీన్ని చూసి మనం నిశ్చింతగా ఉంటాం. అయితే గేట్లలోనూ రెండు రకాలున్నాయి. ఇంటర్‌లాకింగ్ ఉన్న గేటైతే, గేటు పడి తాళం పడేదాకా రైలుకు సిగ్నల్ రాదు. లేని గేటు దగ్గర స్టేషన్ మాస్టర్ ఫోన్ చేస్తే, గేటు వేశానని గేట్‌మ్యాన్ ఒక ప్రైవేటు నంబరు చెబుతాడు. అక్కడ అంతా మాట మీద నడుస్తుంది. 2025 జూలై 8న తమిళనాడు కడలూరు దగ్గర సెమ్మంకుప్పంలో ఉన్నది ఈ రెండో రకం. గేటుంది, మనిషి ఉన్నాడు. రైలొచ్చే వేళకు గేటు మాత్రం మూసి లేదు. స్కూలు వ్యానులోని ముగ్గురు విద్యార్థులు చనిపోయారు. ఆ తర్వాత ఇంటర్‌లాకింగ్ పనులు త్వరపెడతామని రైల్వే ప్రకటించింది.

రోడ్డు మీద వెళ్లేవాడికి ఈ తేడా చెప్పే బోర్డు లేదు. రెండు రకాల గేట్లకూ ముందుండేది అదే త్రికోణం, అదే కంచె బొమ్మ.