పరిశోధనా వ్యాసానికి వార్తాపత్రికల నుండి అంశాన్ని ఎన్నుకొనే విధానం

కళాశాలలో పరిశోధనా వ్యాసం వ్రాయవలసిన విద్యార్థికి తొలి చిక్కు అంశపు ఎంపికే. ‘భాష’, ‘విద్య’, ‘సేద్యం’ అన్నవి అంశాలు కాజాలవు. ఎవరికి, ఎక్కడ, ఎప్పుడు, ఏమి జరిగింది అనే హద్దులు ఏర్పడిననాడే అది పరిశోధనాంశమవుతుంది. వార్త ఆ హద్దులను సహజంగానే చూపుతుంది.

సేకరణ: ఒక నెలపాటు ఒకే పత్రిక జిల్లా ఎడిషన్‌ను క్రమంగా చదవాలి. మనసుకు తట్టిన వార్తను కత్తిరించి పత్రిక పేరు, తేదీ, ఎడిషన్, పుట సంఖ్య వెంటనే వ్రాసుకోవాలి. పాత పత్రికలు తూకానికి పోకముందే ఈ పని జరగాలి. ఈ విషయంలో ఇంటి పెద్దలు సాయపడగలరు. సరిహద్దు విద్యార్థికి రెండు భాషలు రావడం గొప్ప వరం. ఒకే సంఘటనను తెలుగు పత్రిక, రాష్ట్రభాషా పత్రిక ఎలా వ్రాశాయో పోల్చితే ఏది చెప్పక విడిచారో తెలుస్తుంది. ప్రశ్న అక్కడే పుడుతుంది.

ఉదాహరణ: తమిళనాడులో 2006 నాటి తమిళ అభ్యసన చట్టం 2006-07లో ఒకటవ తరగతితో మొదలై, ఏటా ఒక్కొక్క తరగతి చొప్పున పెరిగి, 2015-16లో పదవ తరగతికి చేరింది. మైనారిటీ భాషల విద్యార్థులకు న్యాయస్థానాలు మినహాయింపులిచ్చిన సందర్భాలూ ఉన్నాయి. ఈ వార్తలు చదివిన హోసూరు ప్రాంత విద్యార్థి ‘తమిళనాట తెలుగు’ అని వ్రాయబూనితే ఒడ్డు చేరడు. ‘2016లో పదవ తరగతి పరీక్ష వ్రాసిన మా గ్రామపు తెలుగు పిల్లలు ఆపై ఏ మాధ్యమంలో చదివారు?’ అని అడిగితే ఇరవై ఇండ్లు తిరిగి సమాధానం తేగలడు.

సరిచూచుట: వార్త దారి చూపుతుంది గాని, అదే రుజువు కాదు. చట్టపు పాఠాన్ని, ప్రభుత్వ ఉత్తర్వులను స్వయంగా చదవాలి. భాషలవారీ జనసంఖ్యకు జనాభా లెక్కలలోని సి-16 పట్టికను చూడాలి. కృష్ణగిరి జిల్లా 2004లో ధర్మపురి నుండి విడివడినది గనుక 2001, 2011 లెక్కలను జిల్లా పేరు చూచి పోల్చరాదు, తాలూకాలవారీగా సరిచేసుకోవాలి. దొరకని వివరాలకై 2005 సమాచార హక్కు చట్టం క్రింద దరఖాస్తు చేయవచ్చు.

అంశాన్ని ఖాయం చేసుకొనే ముందు మూడు ప్రశ్నలు వేసుకోవాలి: గడువులోగా పూర్తవుతుందా? ఆధారాలు అందుతాయా? ఇంతవరకు ఎవరూ వ్రాసిపెట్టనిదేనా? మూడింటికీ ‘అవును’ అని వస్తే ఆ వ్యాసం మార్కులతోనే ఆగదు, ఆ ఊరికి ఒక దస్తావేజుగా నిలుస్తుంది.